నాలుగింటి నీళ్లు

టీవీని గోడ మీంచి దించడానికి వయోజన విద్య సంస్థ పంపిన మనుషులిద్దరూ స్క్రూల దగ్గర వాదులాడుకుంటున్నారు. తుప్పు పట్టి అవి తిరగడం లేదు. ఒకతను విసుగెత్తి బలంగా గుంజేసరికి గోడ సున్నం పెచ్చు ఊడి, కింద చాప మీద కూర్చున్న రేబెకా ఒళ్లో పడింది. రేబెకా చీర దులుపుకుని మళ్లీ పుస్తకంలోకి చూసింది. ఆ మధ్యాహ్నం తరగతికి వచ్చింది ఆమె, ఆమెతో పాటు ఇంకో ఇద్దరు ముసలమ్మలు.

డోర్కాస్ సుద్దముక్క చేత్తో పట్టుకుని చూస్తూ నిలబడింది. గార్డెన్ రీచ్ తెలుగు క్రైస్తవ మందిరంలో మధ్యాహ్నాలు ఆమె, ఈ బెంగాలీ నగరంలో స్థిరపడ్డ తెలుగు పెద్దవాళ్లకు బెంగాలీ చదవడం నేర్పుతుంది. పొద్దున ఒక నర్సరీ బడిలో పిల్లల ముక్కులు తుడిచి, మధ్యాహ్నం ఇక్కడికొచ్చి వాళ్ల అమ్మమ్మల చేత అక్షరాలు దిద్దిస్తుంది. టీవీ అంటే ఆమెకు పెద్ద మోజేమీ లేదు. అది వచ్చిన దగ్గర్నుంచీ కరెంటు చాలక సగం రోజులు మూగగానే ఉండేది. అయినా ఇచ్చినదాన్ని చదువుకునేవాళ్ల కళ్లముందే ఊడబెరుక్కుపోతుంటే ఆమెకు ఒళ్లు మండింది.

సంస్థ తరఫున ఈ చుట్టుపక్కల కేంద్రాలన్నీ చూసే రఘురాం గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. హైదరాబాదు నుంచి ఈ ఊరొచ్చి ఏడాది కాలేదు. మర్యాదస్తుడు. ఇబ్బందికరమైన పనులకు మనుషుల్ని ఒంటరిగా పంపకుండా తానే వస్తాడు. అది అతని మంచితనమని డోర్కాస్‌కు తెలుసు. తెలిసినా ఆ వేళ మంచితనం ఆమె కంటికి ఆనలేదు.

"ఇది శిక్ష అనుకోకండి డోర్కాస్ గారూ. మా దగ్గరున్న సామానే తక్కువ. ఎక్కువమంది వచ్చే చోట పెట్టమని పైనుంచి చెప్పారు. మెటియాబ్రుజ్ కేంద్రంలో కూర్చోడానికి చోటు లేదు. ఇక్కడ చూస్తే ముగ్గురున్నారు."

"నీళ్ల వేళ మారిందని రాశాను కదండీ."

"చదివాను. కానీ మా రిపోర్టులో నీళ్లకు గడి లేదు."

అతను వెటకారంగా అనలేదు. ఉన్నమాటే చెప్పాడు. వచ్చే మంగళవారం మళ్లీ వస్తానని, అప్పటికి పేర్లు రాయించుకున్నవాళ్లలో సగమైనా చాప మీద కనబడకపోతే ఈ కేంద్రాన్ని మెటియాబ్రుజ్ కేంద్రంలో కలిపేస్తారని నేల చూస్తూ చెప్పాడు. తెల్లవారకముందే లేచి కార్పొరేషన్ రోడ్లు ఊడ్చే ఆడవాళ్లు ఆటోలు మారి మెటియాబ్రుజ్ వెళ్లి అక్షరాలు దిద్దుతారా అని ఆమె అడగలేదు. దిద్దరని అతనికీ తెలుసు.

అంతలో వీధిలో కొళాయి గొంతు సవరించుకుంది. ముసలమ్మలిద్దరూ ఒక్కసారే లేచి, "నీళ్లు టీచరమ్మా" అని చెప్పి వెళ్లిపోయారు. రేబెకా ఒక నిమిషం ఆగింది. జంట అక్షరాల పాఠంలో ఆమె వేలు ఒక మాట మీద ఉంది. సగం పలికింది. మిగతా సగం పలకకుండానే పుస్తకం మూసి చంకన పెట్టుకుంది.

ఖాళీ చాప మీద డోర్కాస్ కూర్చుంది. ఎదురుగా గోడకు నాలుగు కన్నాలు. సగం వచ్చిన చదువు సంగతి ఆమెకు బాగా తెలుసు. పది రోజులు వదిలేస్తే అసలు రాని చదువుకంటే దూరం పోతుంది. రేబెకా ఈ అక్షరాల దాకా రావడానికి నిరుడంతా పట్టింది. టీవీ పోతే పోనీ, తరగతిని మాత్రం పోనివ్వను అని ఆమె గట్టిగా అనుకుంది. అనుకున్నాక కొంచెం భయం కూడా వేసింది, ఏం చెయ్యాలో ఒక్క ముక్క తోచలేదు కాబట్టి.

తరగతి వేళ మార్చడానికి లేదు. పొద్దున వాళ్లకు రోడ్లు, చీకటి పడితే వంటలు. సాయంత్రం మందిరంలో పాటల సాధన, ప్రార్థన కూడిక. దొరికేది ఆ నాలుగు గంటల పొద్దే. మొన్న ఎండాకాలంలో కార్పొరేషన్ పంపు వేళ మార్చినప్పుడు నీళ్లు కూడా సరిగ్గా దాని మీదికే వచ్చి కూర్చున్నాయి.

*

కొళాయి తరగతి దగ్గరికి రాకపోతే తరగతినే కొళాయి దగ్గరికి తీసుకెళ్దామని మర్నాడు డోర్కాస్ చిన్న నల్లబల్ల పట్టుకుని గల్లీ మొదటికి వెళ్లింది.

అక్కడ వరస మనుషులది కాదు, ఇటుకలది. పొద్దున్నే ఎవరి ఇటుక వాళ్లు తెచ్చి పెట్టి వెళతారు. నీళ్లొచ్చేసరికి ఇటుక వెనకాల బిందెతో నిలబడతారు. మొదటి ఇటుక ఎప్పుడూ అప్పాయమ్మది. మూల విరిగి, తెల్ల సున్నం పూసిన ఇటుక. అప్పాయమ్మ మొగుడు ఈ వార్డులోనే ఊడ్చి ఊడ్చి పోయాడు. ఆమె నోటికి జడిసి గల్లీలో ఎవరూ ఆ ఇటుకను కాలితో కూడా తాకరు.

నల్లబల్లను గోడకు ఆనించి డోర్కాస్ రెండు మాటలు రాసింది. ఆడవాళ్లు నవ్వారు, కొంతమంది పలికారు కూడా. ఇంతలో నీళ్లొచ్చాయి. ఎవరి కళ్లూ బల్ల మీద లేవు, ధార మీదే ఉన్నాయి. ఎవరిదో బిందె జారి బల్ల మీద నీళ్లు పడి అక్షరాలు కారిపోయాయి. వెనకనుంచి ఒక కుర్రాడు సైకిలు గంట కొడుతూ, ఈ బడిలో స్నానాలు కూడా చేయిస్తారా దీదీ అని బెంగాలీలో అడిగాడు. అందరూ నవ్వారు. డోర్కాస్‌కు కూడా నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

"అచ్చరం రేపు కూడా ఉంటాది టీచరమ్మా," అంది అప్పాయమ్మ బిందె ఎత్తుకుంటూ. "నీళ్లు ఉండవు. కొంచెం అడ్డు లే."

డోర్కాస్ పక్కకు తప్పుకుంది. అప్పాయమ్మ మాటలో తప్పేమీ కనబడలేదు.

గురువారం నర్సరీ బడి కాగానే ఆమె ఆటో ఎక్కి మెటియాబ్రుజ్ వెళ్లింది. టీవీని గెలుచుకున్న ఆ కేంద్రం ఎలా ఉంటుందో చూడాలనిపించింది. అసూయ కూడా ఉంది, దాచడమెందుకు. కుట్టుమిషన్ల గదుల మధ్య ఒక పాత ఇంటి వసారాలో ఆ తరగతి నడుస్తోంది. చెప్పేది రెజీనా అనే తెలుగు పిల్ల, నిన్నగాక మొన్న కాలేజీ అయినది. వసారా నిండా ఆడవాళ్లు. టీవీ ఒక మూల దుప్పటి కప్పుకుని నిద్రపోతోంది.

తరగతి అయ్యేదాకా డోర్కాస్ వెనక కూర్చుంది. రెజీనా చెప్పేది తాను చెప్పినట్టే ఉంది. ఇంకా చెప్పాలంటే కొంచెం తొందరపాటుగా ఉంది. ఒక్కటే తేడా. చదువుతున్నవాళ్లలో ఎవరూ గుమ్మం వైపు చూడటం లేదు.

"ఇంతమందిని ఎలా పట్టావమ్మా?" అని అడిగింది తర్వాత.

రెజీనా సిగ్గుపడింది. పెరట్లోకి తీసుకెళ్లి చూపించింది. ఇంటాయన కొళాయి, దాని కింద మనిషెత్తు నీలం డ్రమ్ము, గోడ పొడుగునా ఖాళీ బకెట్లు.

"నా బహాదురీ ఏటీ నేదక్కా. మేం సదువుతూ ఉంటాం, డ్రమ్ము నిండుతూ ఉంటాది. క్లాసు అవగానే పంచేసుకుంటారు. ఈ డ్రమ్ము తీసీండి, రేపట్నుంచి నేను గోడలకి సెప్పుకోవాల." ఆపైన టీవీ వైపు చూసి, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియడం లేదని, కావాలంటే తీసుకుపొమ్మని అంది.

తిరుగు ఆటోలో డోర్కాస్ ఇద్దరు లావుపాటి మనుషుల మధ్య నలుగుతూ డ్రమ్ముల గురించే ఆలోచించింది. అంత డ్రమ్ము కొనడం ఎలా? కొన్నా మందిరంలో ఎక్కడ పెట్టడం? మందిరం చేరి, సంచీని వేదిక మీద పడేసింది. కింద చెక్కలు బోలుగా మోగాయి. ఆమె కాలితో ఇంకోసారి తన్ని చూసింది.

వేదిక చెక్కల కింద, మనుషుల్ని నీళ్లలో ముంచి బాప్తిస్మం ఇచ్చే తొట్టి ఉంది. ఏడాదికి ఒకసారి, మహా అయితే రెండుసార్లు చెక్కలు తీసి నింపుతారు. మిగతా రోజులన్నీ అది చీకట్లో ఎండి ఉంటుంది. ఇన్నాళ్లూ దాని నెత్తిమీదే నిలబడి నీళ్లు లేవని పాఠాలు ఆపుకుంది తను. మందిరానికి సొంత కొళాయి ఉంది, కొళాయి నుంచి తొట్టికి గొట్టం ఉంది, తొట్టి అడుగున నీళ్లు వదిలే కన్నం పక్క సందులోకి తెరుచుకుంటుంది. అన్నీ ఉన్నాయి. తాళాలు మాత్రం యెషయా దగ్గరున్నాయి.

*

యెషయా సంఘ పెద్ద. పాదిరిగారు ఖరగ్‌పూర్ నుంచి రెండు వారాలకోసారి వస్తారు కాబట్టి మందిరంలో గోడ నుంచి గంట దాకా అంతా ఆయన చేతి మీదే నడుస్తుంది. పోర్టు వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. డోర్కాస్ వెళ్లేసరికి గుమ్మంలో కూర్చుని మందిరం గడియారం విప్పి నూనె పెడుతున్నాడు. చెప్పిందంతా తలెత్తకుండా విన్నాడు.

"ఆ తొట్టిలో నా పిల్లలు ముగ్గురూ బాప్తిస్మం పుచ్చుకున్నారు," అన్నాడు చివరికి. "అందులో నీళ్లతో అంట్లు తోముకుంటామంటావేటి?"

"వాళ్లు పుచ్చుకున్నాక ఆ నీళ్లు ఏటి సేసినారు పెదనాన్నా?"

"ఏటి సేస్తాం? సందులోకి వొదిలీసినాం."

"కాలవలోకి పోతే తప్పు నేదు గానీ, బిందెలోకి పోతే తప్పొచ్చిందా?"

యెషయా గడియారం మూత బిగించాడు. అవసరమైన దానికంటే గట్టిగానే బిగించాడు. గేటు తీస్తే ఎవరెవరు వస్తారో తనకు తెలుసని, నిరుడు మందిరం కొళాయి దగ్గర జరిగిన గొడవ చాలని, మళ్లీ ఆ రభస పడలేనని చెప్పాడు. ఆ గొడవలో అప్పాయమ్మ బిందెను ఆయనే తన్ని బోర్లించాడు. ఆమె ఆ గేటు ఇక తొక్కనని వీధిలో నిలబడి ఒట్టు పెట్టుకుంది. ఆ మర్నాటి నుంచి కొళాయికి తాళం పడింది. ఈ సంగతి గల్లీలో అందరికీ తెలుసు, ఎవరూ ఆయన ముందు ఎత్తరు. డోర్కాస్ కూడా ఎత్తలేదు. శుక్రవారం మళ్లీ వెళ్లింది. ఆయన మళ్లీ కాదన్నాడు. గడియారం మళ్లీ విప్పి ఉంది, ఎందుకో అది నడవడం లేదు.

శనివారం ఆదివారపు ఆరాధన కోసం ఆడవాళ్లు మందిరం కడిగే రోజు. అడిగితే కాదనే మనిషిని అడగకుండా ఉండటమే మేలని డోర్కాస్ అనుకుంది. వేదిక కూడా కడుగుదామంది. చెక్కలు తీసి కింద కూడా కడుగుదామంది. కడగడం తప్పని ఏ సంఘ పెద్దా అనలేడు. రేబెకా, ఆమె తోటి ఊడ్చేవాళ్లు చెక్కలు ఎత్తి గోడకు చేరేశారు. లోపల ఏడాది దుమ్ము, రెండు చచ్చిన బొద్దింకలు, ఎవరో చిన్నపిల్ల చెప్పు ఒకటి. రేబెకా చీర ఎగదోపి మెట్లు దిగింది. రోడ్లు ఊడ్చే చెయ్యి మామూలు చెయ్యి కాదు. మూలల నుంచి మధ్యకు, పై నుంచి కిందికి, దుమ్ము లేవకుండా చీపురు వాల్చి ఒక్క దఫాలో తీసేసింది. తర్వాత బ్లీచింగ్ పౌడర్ చల్లి కొబ్బరిపీచుతో రుద్దడం మొదలుపెట్టారు.

యెషయా అప్పుడు వచ్చాడు. చెప్పులు విడిచి, తెరిచి ఉన్న తొట్టిని చూసి, డోర్కాస్ వంక చూశాడు. ఆయన ముఖం ఎర్రబడింది. ఆమె లేచి నిలబడింది. చేతిలో పీచు మాత్రం వదలలేదు.

"కడుగుతున్నాం పెదనాన్నా."

ఆయన కళ్లు ఆమెను దాటి తొట్టి తూర్పు గోడ మీద నిలిచాయి. మసి పోయి శుభ్రపడ్డ చోట జుట్టంత సన్నని గీత, పై మెట్టు నుంచి అడుగు దాకా. పంచె పైకి దోపి లోపలికి దిగాడు. గోటితో గీత వెంబడి గీశాడు. పక్కన వేలిముడుకుతో తట్టి, చెవి పెట్టి విన్నాడు. ఇంకోచోట తట్టాడు. ఆడవాళ్లందరూ పని ఆపేశారు.

"అందుకేనా," అన్నాడు తనలో తాను. "పోయిన ఈస్టరుకి నింపితే మూడో మనిషి దిగేసరికి మోకాళ్లకాడికి దిగిపోయింది. కొళాయిలో నీళ్లు తక్కువొచ్చాయనుకున్నాను." కాసేపటికి ఇంకోమాట అన్నాడు. "ఎండబెట్టీసినాం. ఏడాదంతా ఎండబెడితే సిమెంటు పగలక ఏటవుతాది."

అని మెట్లెక్కి వెళ్లిపోయాడు. రేబెకా డోర్కాస్ వైపు చూసింది. ఇద్దరూ మళ్లీ రుద్దడం మొదలుపెట్టారు. వాళ్లు కడగడం పూర్తికాకముందే ఆయన తాపీ, సిమెంటు సంచీ, ఒక పాత ఇత్తడి కొళాయి పట్టుకుని తిరిగొచ్చాడు. పగులును ఉలితో వెడల్పు చేసి, తడిపి, సిమెంటు కూరి, తాపీ వీపుతో నొక్కి నొక్కి రాశాడు. ఎవరి సాయమూ ఒప్పుకోలేదు. ఆపైన సందులోకి వెళ్లి, నీళ్లు వదిలే కన్నానికి జనపనార చుట్టి ఇత్తడి కొళాయి బిగించాడు. ఆ క్షణంలో డోర్కాస్‌కు ఆయన కాళ్ల మీద పడాలనిపించింది. పడితే కోప్పడతాడని ఊరుకుంది.

ఆదివారం ఆరాధన అయ్యాక ప్రకటనలప్పుడు యెషయా లేచి నిలబడ్డాడు.

"తొట్టి పగిలితే బాగుసేసినాను," అన్నాడు గొంతు సవరించుకుని. "కొత్త సిమెంటు ఎండకూడదు. అందుకని రోజూ నాలుగింటికి నీళ్లు పెడతాను. నిలవుంటే పాసి పడతాది. అందుకని రోజూ అయిదింటికి ఖాళీ సేస్తాను. ఖాళీ సేసిన నీళ్లు సందులో ఎవరు పట్టుకుపోయినా సంఘానికి అబ్యంతరం నేదు."

తరగతి మాట ఎత్తనే లేదు. డోర్కాస్ పేరు అసలే రాలేదు. వెనక వరసలో ఎవరో ముక్కుతూ లేవబోయారు గానీ, అందులో కాదనడానికి ఏ వాక్యమూ దొరక్క మళ్లీ కూర్చున్నారు. డోర్కాస్ పాటల పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని నవ్వుకుంది.

*

సోమవారం ఆడవాళ్లు పూర్తిగా నమ్మలేదు. సగంమంది తరగతికి, సగంమంది వీధి కొళాయికి వెళ్లారు. అయిదింటికి మందిరం సందులోంచి నిండు బిందెలతో వస్తున్న రేబెకాను, వీధి కొళాయి దగ్గర ఇంకా ఇటుకల వెనక ఉన్నవాళ్లు చూశారు. అంతకన్నా ప్రచారం అక్కర్లేకపోయింది.

మంగళవారం రఘురాం వచ్చేసరికి గుమ్మం బయట చెప్పులు మెట్లు దాటిపోయాయి. లోపల చాపలు చాలక కొందరు గచ్చు మీదే కూర్చున్నారు. సందులో గోడ పొడుగునా బిందెలు. అతను అడ్డు రాకుండా వెనక నిలబడ్డాడు. డోర్కాస్ అతనికి నమస్కారం పెట్టి, పాఠం ఆపలేదు. రేబెకా లేచి చదువుతోంది.

నాలుగయింది. వీధిలో కొళాయి గొంతు సవరించుకుంది. అందరి తలలూ ఒక్కసారి గుమ్మం వైపు తిరిగాయి. మరుక్షణం వేదిక చెక్కల కిందనుంచి నీళ్లు పడుతున్న చప్పుడు మొదలైంది, మొదట ఖాళీ తొట్టిలో బిగ్గరగా, తర్వాత తర్వాత మెత్తగా. తలలు మళ్లీ పుస్తకాల మీదికి వంగాయి. రేబెకా ఆగిన చోటునుంచే అందుకుంది. ఆ జంట అక్షరం దగ్గర ఒకసారి తడబడి, వెనక్కి వెళ్లి, మొత్తం మాట పలికింది. డోర్కాస్ కళ్లు చెమర్చాయి. బల్ల వైపు తిరిగి తడి తుడుచుకుని, చెరపక్కర్లేని మాటనొకదాన్ని చెరిపింది.

తరగతి అయ్యాక రఘురాం ఆ చప్పుడేమిటని అడిగాడు. ఆమె చెక్క ఎత్తి చూపించింది. అతను వంగి నీళ్లను చూశాడు. కేంద్రం ఇక్కడే ఉంటుందన్నాడు. ఈ సంఖ్యకు టీవీ కూడా తిరిగి రావాలని, రేపే అడుగుతానని అన్నాడు.

"టీవీ వద్దండి. రబ్బరు గొట్టం ఒకటి ఇప్పించండి, పొడుగుది. సందులో ముసలివాళ్లు బిందెలు మోయలేకపోతున్నారు."

"గొట్టానికి కూడా గడి లేదండీ." జేబులోంచి పెన్ను తీసి, "బోధనా సామగ్రి అని రాస్తాను," అన్నాడు. అతను నవ్వడం ఆమె అదే మొదటిసారి చూసింది.

సందులో యెషయా ఇత్తడి కొళాయి దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని, బిందె తర్వాత బిందె తానే పట్టి ఇస్తున్నాడు. కొళాయి మరీ కిందికి ఉండటంతో, నేల వాలుగా ఉండటంతో ప్రతి బిందె ఒరిగి సగం నీళ్లు కారిపోతున్నాయి. ఆయన ఒక చేత్తో బిందె, ఒక చేత్తో కొళాయి పట్టుకుని తిప్పలు పడుతున్నాడు.

చివరి బిందె కూడా వెళ్లిపోయాక గేటు బయట అప్పాయమ్మ నిలబడి ఉండటం డోర్కాస్ చూసింది. చంకలో బిందె. ఆ సాయంత్రం వీధి కొళాయి దగ్గర మొదటి ఇటుక ఆమెదే, చివరి ఇటుకా ఆమెదే. వరసే లేదు. కొళాయి కూడా ఇవాళ ఎందుకో తొందరగా ఆగిపోయిందట.

పిలవడానికి డోర్కాస్ అడుగు వేసింది. అంతలో యెషయా స్టూలు మీంచి లేచాడు. మెల్లగా నడుచుకుంటూ వెళ్లి గేటు రెండు రెక్కలూ బార్లా తీశాడు. అప్పాయమ్మ కదల్లేదు. ఆయన చెయ్యి చాచాడు. ఆమె ఆ చేతికేసి చూసి, బిందె ఇచ్చింది.

"ఆ దినం నువ్వు బోర్లించీసిన బిందె ఇదే," అంది.

"తెలుసు," అన్నాడు యెషయా. బిందె పొట్ట మీది సొట్టను బొటనవేలితో ఒకసారి తడిమాడు.

కొళాయి కింద పెట్టి తిప్పాడు. బిందె ఒరిగింది. పట్టుకున్నాడు, నీళ్లు ఆయన పంచె మీద పడ్డాయి. మళ్లీ సరిచేశాడు, మళ్లీ ఒరిగింది. గేటు అవతల నుంచే అప్పాయమ్మ కాసేపు చూసింది. తర్వాత గిరుక్కున వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. యెషయా కొళాయి కట్టేసి, సగం నిండిన బిందె పక్కన అలాగే నిలబడిపోయాడు.

కాసేపటికి అప్పాయమ్మ తిరిగొచ్చింది. ఈసారి గేటు దగ్గర ఆగలేదు. సందులోకి వచ్చి, యెషయాను పక్కకు తప్పుకోమని, కొళాయి కింద వాలుగా ఉన్న చోట తన తెల్లసున్నపు ఇటుకను పెట్టి కాలితో తొక్కి కదలకుండా చేసింది. దాని మీద బిందె పెట్టింది. బిందె తిన్నగా నిలబడింది.

"ఇంక దీంతో అక్కడ పనేటి," అంది. "ఇక్కడే ఉండనీ, అందరికీ పనికొస్తాది. తిప్పు."

యెషయా కొళాయి తిప్పాడు.